కాలనీకొక గోడపత్రిక

నవంబరు వస్తుందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు దిగుతాయి. బాలల దినోత్సవం సందర్భంగా పిల్లలకు కథల పోటీ. రెండు పేజీలు మించరాదు. కథ నీతిదాయకంగా ఉండాలి. సొంత రచనేనని పెద్దలు సంతకం పెట్టిన హామీపత్రం జతచేయాలి. మూడు బహుమతులు, పది ప్రోత్సాహక బహుమతులు, పాల్గొన్న అందరికీ ఈ-సర్టిఫికెట్. ఈమధ్య అలాంటి పోస్టరు ఒకదాని కింద ఒక తల్లి అడిగింది: "సార్, మా బాబు కథ నిరుడు పంపించినం. ప్రైజు రాలేదు, పర్లేదు. ఆ కాగితం వాపస్ ఇస్తరా? మా దగ్గర కాపీ లేదు." చేతులు జోడించిన బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు.

పోటీలు నడిపేవాళ్ల మీద నాకు కోపం లేదు. రిటైరైన తెలుగు మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ పిల్లలు తమ జేబులోంచి షీల్డులు కొని, ఆదివారాలు వదులుకొని చేసే పని అది. ఆ డబ్బూ ఆ ఆదివారాలూ పోటీకి బదులు ఒక గోడకు పెడితే కాలనీకి ఎక్కువ దక్కుతుందని మాత్రం నా వాదన. గోడ అంటే గోడపత్రిక: రాసిన కాగితాలను గోడ మీది బోర్డుకు తగిలించి అందరి చేతా చదివించడం. వెనకటి హైస్కూళ్లలో, కాలేజీ వరండాల్లో ఉండేదే. అందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. దాన్ని బడిలోంచి బయటికి తెచ్చి, బస్తీలో కిరాణా కొట్టు పక్కన నిలబెట్టాలి.

పోటీ కథల ఊరు

పోటీకొచ్చిన కథల కట్ట ఒకటి విప్పి చూడండి. మన హైదరాబాదులో బోరబండ పిల్లవాడు రాసినా, వనస్థలిపురం పిల్ల రాసినా ఊరు ఒకటే: అనగనగా రామాపురం. ఊరి పక్కన అడవి. అడవిలో సింహం, కుందేలు. లేదా ఊళ్లో రాము, సోము అని ఇద్దరు స్నేహితులు, ఒకడు మంచివాడు, ఇంకొకడు సోమరి. చివర్లో చెట్టు ఏడుస్తుంది, సోము బుద్ధి తెచ్చుకుంటాడు, "కాబట్టి పిల్లలూ" అని పదేళ్ల పిల్లవాడే మిగతా పిల్లలకు నీతి చెబుతాడు. రాసినవాడి తరగతిలో రామూ లేడు, సోమూ లేడు. వాడి ఇంటి ముందు ఉన్నవి ఒక బోరింగు, రెండు ఆటోలు, ఒక మేకల దొడ్డి. వాటిలో ఒక్కటీ కథలోకి రాదు. పిల్లలకు ఊహ లేక జరుగుతున్నది కాదిది. చదవబోయేది జడ్జి అని వాళ్లకు తెలుసు. జడ్జికి ఏం నచ్చుతుందో పిల్లలు మనకంటే త్వరగా పసిగడతారు.

హామీపత్రం అడగడంలోనే ఒక ఒప్పుకోలు ఉంది. అమ్మానాన్నలు రాసి పంపుతున్నారని నిర్వాహకులకు తెలుసు. ఇప్పుడైతే ఫోన్‌ని అడిగినా రామాపురం కథ అరనిమిషంలో రాసిస్తుంది. బహుమతి ఉన్నంతకాలం ఈ బెడద తప్పదు. బహుమతి తీసేస్తే, వేరేవాళ్లు రాసింది తెచ్చి పెట్టుకోవాల్సిన అవసరమే ఎవరికీ ఉండదు.

లెక్క కూడా చూడండి. రెండు వందల కథలొస్తే పదముగ్గురికి బహుమతులు. మిగిలిన నూట ఎనభై ఏడు మందికి అందే కబురేమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఇద్దరు జడ్జిలు వారం రోజుల్లో చదవాలి కాబట్టి గుండ్రటి చేతిరాతా కొట్టివేతలు లేని పేజీలూ ముందుకొస్తాయి. ఫలితాలు ప్రకటించాక ఆ కట్ట ఎవరో ఒకరి ఇంట్లో అటక ఎక్కుతుంది. రెండు వందల మంది రాశారు, చదివింది ఇద్దరు.

దీనికి గట్టి ఎదురువాదం ఒకటుంది, దాన్ని దాటేయలేను. తెలుగులో ఎందరో కథకులు వారపత్రికల ఉగాది పోటీలు, దీపావళి పోటీలతోనే వెలుగులోకి వచ్చారు. నిజమే. కానీ ఆ పోటీల్లో గెలిచిన కథను పత్రిక అచ్చువేసేది. మామూలు ప్రచురణకు తీసుకున్న కథలకూ పేజీల్లో చోటు దొరికేది. రచయితను నిలబెట్టింది బహుమతి సొమ్మా, మర్నాడు బస్సులో పక్కసీటాయన ఆ కథ చదువుతుండడమా అంటే రెండోదే అంటాను. మనం పోటీని ఉంచుకొని పత్రికను వదిలేశాం. కొందరు నిర్వాహకులు గెలిచిన కథలతో సంకలనం వేసి డిసెంబరులో బుక్ ఫెయిర్‌లో ఆవిష్కరిస్తారు. మంచిదే, అక్కడా పదమూడు కథలే.

ఈ ఊళ్లోనే ఇంకో దారి చూపిన పని ఒకటి జరిగింది. నిజాం తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అన్నవాళ్లకు జవాబుగా గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక అనే కవితా సంకలనం తెచ్చారు. అందులో 354 మంది కవులు. తెలంగాణ సాహిత్య చరిత్రలో ఆ సంచికకున్న చోటు అందరికీ తెలిసిందే. ఆ 354 మందిలో మొదటి బహుమతి ఎవరిదని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

గోడ ఎక్కడ

ఇక పనిలోకి దిగుదాం. సగం గోడపత్రికలు చోటు తప్పు పెట్టడం వల్లే చచ్చిపోతాయి.

మొదటి తప్పు గుడి గోడ. అనుమతి తేలిగ్గా దొరుకుతుంది, జనం వస్తారు, నీడ ఉంటుంది. కానీ గుడి గోడ మీద పెడితే బస్తీలో సగం మంది దాన్ని తమది కాదనుకుంటారు. మసీదు గోడైనా అంతే. కార్పొరేటర్ ఇంటి ప్రహరీ అంతకన్నా ప్రమాదం: వచ్చే ఎన్నికల తర్వాత ఆ గోడ ఎవరిదో చెప్పలేం. కమ్యూనిటీ హాలు పైకి బాగానే ఉంటుంది గానీ పెళ్లి ఉన్నప్పుడు తప్ప దానికి తాళమే. గేటెడ్ కమ్యూనిటీ లాబీలో పెడితే చదివేవాళ్లు రాసినవాళ్ల అమ్మానాన్నలే. అపార్టుమెంటు వాళ్లు ఉత్సాహంగా ముందుకొస్తే బోర్డును ప్రహరీకి బయటివైపు, వీధిలోకి పెట్టమని అడగాలి. ఇస్త్రీ బండి ఆయన, పనిమనుషులు, స్విగ్గీ కుర్రాళ్లు అందరూ చూస్తారు. ఈ ఒక్క షరతుకు సగం అసోసియేషన్లు వెనక్కి తగ్గుతాయి. తగ్గనివ్వండి.

మంచి చోటు అంటే మనుషులు ఐదు నిమిషాలు ఊరికే నిలబడే చోటు. పిండిగిర్నీ, రేషన్ దుకాణం, బస్తీ దవాఖానా వరండా, పాలబూత్, టిఫిన్ సెంటర్. గిర్నీ అన్నింటికంటే మేలు, ఎందుకంటే డబ్బా పెట్టి వంతు కోసం ఆగాలి, ఆ మోతలో మాట్లాడుకోవడం కుదరదు, కళ్లు ఖాళీగా ఉంటాయి. గోడ తూర్పుకో ఉత్తరానికో ముఖం చేసి ఉండాలి. పడమటి గోడ మీద మధ్యాహ్నం ఎండ, వానాకాలం జల్లు రెండూ నేరుగా కొడతాయి. వీధిదీపం దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది, పనుల నుంచి జనం ఇంటికి చేరేది రాత్రి ఎనిమిది తర్వాతే.

లైబ్రరీలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, మన ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసల చొప్పున కడుతూనే ఉన్నాం. కానీ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఏ పొద్దున వెళ్లినా కనిపించేది గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే అబ్బాయిలు, అమ్మాయిలు. వాళ్లకు ఆ నిశ్శబ్దం అవసరం. పిల్లలు రాసింది పైకి చదవాలి, నవ్వాలి, కొట్లాడుకోవాలి. శాఖా గ్రంథాలయానికి వరండా ఉంటే అది అడగండి, లోపలి హాలు వద్దు.

కాగితం, సిరా, జిగురు

బోర్డు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు చాలు. కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగుల్లో ఉంటే నాలుగో తరగతి పిల్లకూ అందుతుంది, పెద్దలు కూడా మెడ వంచకుండా చదవొచ్చు. ఆరుబయట ప్లైవుడ్ వద్దు, ఒక్క వానాకాలానికే ఉబ్బుతుంది. ప్రచార బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు తేలిక, చవక, తడిసినా ఏం కాదు. దాన్ని నాలుగు వైపులా చెక్క రీపర్లకు బిగించి గోడకు మేకులు కొట్టించాలి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పిల్లలు రాసిన అసలు కాగితం గోడ ఎక్కకూడదు. జిరాక్సు ఎక్కాలి. జెల్ పెన్ను సిరా ఒక్క చినుకుకే కారిపోతుంది, స్కెచ్ పెన్ను రంగు రెండు మూడు వారాల ఎండకు వెలిసిపోతుంది. జిరాక్సు నలుపు నీటికి కారదు, ఎండకూ చాలాకాలం ఓర్చుకుంటుంది. పైగా అసలు కాగితం రాసినవాళ్ల ఇంటికే పోతుంది. పైన ఆ తల్లి అడిగిన ప్రశ్న ఇక్కడ పుట్టనే పుట్టదు.

ఏ4 కాగితం మీద ఒకవైపే రాయించి, జిరాక్సులో 141 శాతానికి పెంచితే ఏ3 అవుతుంది. నాలుగడుగుల దూరం నుంచి చదవడానికి ఆ సైజు కావాలి. రాసేటప్పుడు నాలుగువైపులా అంగుళం ఖాళీ వదలమని ముందే చెప్పాలి, లేకపోతే మిషను అంచులో అక్షరాలను మింగేస్తుంది. పెన్సిల్ రాత, లేత నీలం రాత జిరాక్సులో సరిగా పడవు. నల్ల బాల్‌పెన్నులు డజను కొని, వారంవారం పిల్లలను కూర్చోబెట్టి రాయించే గంట మొదట్లో పంచి, చివర్లో లెక్కపెట్టి తీసుకోండి. పన్నెండు ఇస్తే తొమ్మిది తిరిగొస్తాయి, అది ఖర్చులో రాసుకోవాలి. పైన పత్రిక పేరు రాసే పట్టీకి ఎనిమిది అంగుళాలు పోగా ఈ బోర్డు మీద ఏ3 కాగితాలు వరసకు ఐదు చొప్పున రెండు వరసలు పడతాయి. అంటే పది రచనలు. పదిహేను రోజులకొకసారి మారిస్తే నెలకు ఇరవై. వీటన్నిటి జిరాక్సు ఖర్చు పెద్దదేమీ కాదు.

మైదా జిగురు పెట్టొద్దు. రాత్రికి బొద్దింకలు, పొద్దున్నే ఆవులు. ఈ ఊళ్లో సినిమా పోస్టర్లు ఎవరు తింటారో చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. సెల్లోటేపు ఎండకు పసుపెక్కి ఊడుతుంది, గోడకు వేస్తే సున్నాన్ని పెళ్లగించుకొని వస్తుంది, ఇంటాయన బోర్డే తీసేయమంటాడు. గుండుసూదులు రాలి చిన్నపిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయి. బైండర్ క్లిప్పులే దిక్కు: బోర్డు అంతటా రెండు వరసల తాళ్లు లాగి, బట్టలారేసినట్టు కాగితాలు క్లిప్పులతో వేలాడదీయడం. వానాకాలం వస్తే మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. అది పై అంచుకు మాత్రమే బిగించాలి, కింద వదిలేయాలి. నాలుగువైపులా మూసేస్తే లోపల ఆవిరి పట్టి వాన పడకుండానే కాగితాలు తడుస్తాయి.

బోర్డు పెట్టిన వారానికి దాని మీద మొలల డాక్టరు పోస్టరు, బాయ్స్ హాస్టల్ పోస్టరు వచ్చి కూర్చుంటాయి. చింపితే మళ్లీ వస్తాయి. దీనికి పనికొచ్చే ఉపాయం ఒకటే: బోర్డు పక్కనే అడుగు వెడల్పు పట్టీ ఒకటి వాళ్లకే వదలడం. టూలెట్, ట్యూషన్, తప్పిపోయిన కుక్క, కుట్టుమిషను అమ్మకం. ఆ పట్టీ చూడ్డానికి వచ్చినవాళ్లు పక్కనున్న కథ కూడా చదువుతారు, అది అదనపు లాభం. మొలల డాక్టరు మాత్రం ఏ పట్టీకీ లొంగడు.

ఆ గంటలో

పిల్లలను కూర్చోబెట్టి రాయించడానికి వారానికి ఒక గంట. ఒక వాలంటీరుకు పన్నెండు మందికి మించి పిల్లలుండకూడదు. ఇరవై మంది వస్తే ఇద్దరు వాలంటీర్లు కావాలి, లేదా రెండు జట్లు చేయాలి. ఆదివారం పొద్దున వద్దు. ఆ పూట పిల్లలు చికెన్ కొట్టు దగ్గర వరసలోనో, క్రికెట్‌లోనో, తల్లి వెంట పనికో ఉంటారు. శనివారం సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే ఎక్కువమంది నిలుస్తారు.

అంశం ఇవ్వడంలోనే సగం పని ఉంది. "మీ దినచర్య" అంటే పన్నెండు కాగితాల మీదా ఒకటే వస్తుంది: పొద్దున లేచిన, బ్రష్ చేసిన, తానం చేసిన, టిఫిన్ తిన్న, బడికి పోయిన. "నీకు నచ్చిన పండుగ" అన్నా అంతే, పిల్లలు పాఠ్యపుస్తకంలోని వ్యాసాన్ని గుర్తు తెచ్చుకుంటారు. అంశం పదినిమిషాల్లో అయిపోయేదై ఉండాలి. నల్లా వచ్చిన మొదటి పది నిమిషాల్లో మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తారు? కరెంటు పోయినప్పుడు మొదట అరిచేది ఎవరు, ఏమని? గణేశ్ చందా అడగడానికి పోయినప్పుడు తలుపు తీసినవాళ్లు ఏమన్నారు? బోనాల రోజు మీ గల్లీలో పోతురాజు వచ్చేముందు ఏ చప్పుడు వినబడుతుంది?

మొదటి పది నిమిషాలు మాటలే. ఒక్కొక్కరూ నోటితో చెప్పాలి. వాలంటీరు అడగాల్సినవి మూడే ప్రశ్నలు: సరిగ్గా ఏ మాట అన్నారు, చేతిలో ఏముంది, ఆ తర్వాత ఏమైంది. "నీకు ఎలా అనిపించింది" అని అడగొద్దు. అడిగితే "చాలా సంతోషంగా అనిపించింది" అని వస్తుంది, దాంతో కథ ఆగిపోతుంది. తర్వాత ఇరవై నిమిషాలు రాయడం. ఆ ఇరవై నిమిషాలు వాలంటీరు కూడా కూర్చొని అదే అంశం మీద రాయాలి. పిల్లల భుజాల మీంచి తొంగి చూస్తూ తిరిగితే సగం మంది చేత్తో కాగితాన్ని కప్పేసుకుంటారు. మిగిలిన సమయంలో చదవడం. విన్నవాళ్లు "బాగుంది" అనకూడదు, చప్పట్లు కొట్టకూడదు. తమకు గుర్తుండిపోయిన ఒక్క ముక్క చెప్పాలి. "బకిట్ల చెప్పు పడ్డది అన్నది యాదికున్నది" అంటే చాలు. ఆ ముక్క ఎందుకు పనిచేసిందో రాసినవాడికి మనం వివరించనక్కర్లేదు.

రాయడం రాని పెద్దవాళ్ల దగ్గరికి పద్ధతి మార్చి పోవాలి. "అవ్వా, మీ ఊళ్లో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చేవాళ్లు?" అని అడిగి, ఆమె ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసి, ఆమె మాట ఆమె మాటగానే రాసి, తిరిగి చదివి వినిపించి, ఒప్పుకున్నాకే గోడకెక్కించాలి. రెండు నిమిషాల మాట ఒక పేజీ అవుతుంది. అరగంట రికార్డు చేయొద్దు, ఎవరూ కూర్చొని రాయరు, ఫోన్‌లో మెమరీ నిండి ఒకరోజు చెరిపేస్తారు. చదివి వినిపించే మెట్టు అస్సలు వదలకూడదు. చాలామంది అవ్వలు అప్పుడు ఒక పేరు తీసేయమంటారు. అది ఎప్పుడూ కోడలి పేరు కాకపోవచ్చు గానీ, ఎక్కువసార్లు అదే.

ఎర్ర పెన్ను

దిద్దడంలో వాలంటీర్లు చేసే హాని మాట్లాడుకోవాల్సిందే. పిల్ల రాసింది: "మా అమ్మమ్మ నల్లా కాడ లైన్ల నిలవడ్డది. సీత వాళ్లమ్మ మధ్యల జొర్రింది." దిద్దాక: "మా అమ్మమ్మ కుళాయి వద్ద వరుసలో నిలబడినది. సీత తల్లి మధ్యలో ప్రవేశించినది." జొర్రడానికి, ప్రవేశించడానికి మధ్య ఉన్న తేడాయే ఆ కథ. దిద్దినాయనకు తాను హత్య చేసినట్టు తెలియదు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆరోజు వేదిక మీద యాస గురించి మాట్లాడి, పదోతారీకున ఎర్ర పెన్నుతో "పోయిండు"ని "వెళ్ళాడు"గా మార్చేవాళ్లు ఎందరో.

అలాగని ఏమీ దిద్దకూడదు అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. "మా తాతకు కల్లు కనబడవు" అని గోడకెక్కితే బస్తీ అంతా నవ్వుతుంది, ఆ పిల్ల మళ్లీ రాయదు. చదివేవాడు తడబడే చోట, అర్థం మారే చోట దిద్దాలి: వత్తులు, ల-ళ, త-ట, దీర్ఘాలు. క్రియ జోలికి, మాట జోలికి పోకూడదు. దిద్దేది కూడా మనం కాదు. పెన్సిల్‌తో ఆ పదం కింద చుక్క పెట్టి, "ఇది పైకి చదువు" అంటే చాలాసార్లు పిల్లలే పట్టుకుంటారు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. తెలుగు సబ్జెక్టుగా ఉన్నా, ఐదో తరగతి పిల్లలు చాలామంది తెలుగులో చెప్పగలిగింది తెలుగులో రాయలేరు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తారు, ఫోన్‌లో చూసి నేర్చుకున్నది. రానివ్వండి. వాళ్లు రాశాక పక్కన కూర్చొని, వాళ్లు చదువుతుంటే మనం తెలుగు అక్షరాల్లో పక్క కాగితం మీద రాసి, దాన్ని వాళ్ల చేత చూచిరాత రాయించాలి. మూడు నెలలకు ఆ పక్క కాగితం అవసరం తగ్గుతుంది, ఎందుకంటే ఇది వాళ్ల సొంత వాక్యం, అక్షరం ఎక్కడ తప్పిందో వాళ్లకే తెలుస్తుంది.

ఉర్దూ మాట్లాడే పిల్లలను తెలుగులో రాయమని బలవంతపెట్టొద్దు. ఉర్దూ కాగితాలు బోర్డుకు కుడి అంచు నుంచి మొదలుపెట్టి ఎడమకు పేర్చితే చదివేవాళ్లకు సహజంగా ఉంటుంది. లిపి రాని పిల్లలు దక్కనీని, అంటే ఇక్కడి ఉర్దూ యాసను, తెలుగు అక్షరాల్లో రాసినా బాగుంటుంది. వద్దనడానికి వాడే "నక్కో" అన్న మాటకు తెలుగులో అంత గట్టి మాట లేదు.

గోడ ఎక్కకూడనివి

ఇక్కడ నా వాదనకు నేనే భయపడే చోటు. పోటీలో చదివేది ఇద్దరు. గోడ మీద బస్తీ అంతా చదువుతుంది. అదే దాని బలం, అదే దాని ప్రమాదం.

పదినిమిషాల అంశం ఇస్తే పిల్లలు నిజం రాస్తారు. ఏదో ఒక వారం ఒక కాగితం వస్తుంది: రాత్రి నాన్న తాగొచ్చిండు, అమ్మను కొట్టిండు, నేను చెల్లె బాత్రూంల ఉన్నం. కొందరు వాలంటీర్లకు ఇలాంటిది చూడగానే కళ్లు మెరుస్తాయి, ఎంత నిజాయితీ, ఎంత శక్తి అని. ఇంకొందరు ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెడతారు. అది గోడకెక్కిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించండి. పేరు తీసేస్తే సరిపోదా అంటే, బస్తీలో చేతిరాత కూడా పేరే. ఇలాంటి కాగితాన్ని గోడకెక్కించొద్దు, ఫోటో తీయొద్దు, గుంపులో పైకి చదివించొద్దు. ఆ పిల్లతో విడిగా మాట్లాడి, కాగితం ఇంటికి తీసుకుపోవడం ఆమెకు క్షేమమో కాదో అడిగి, కాదంటే మన దగ్గర కవర్లో పెట్టి ఉంచాలి. దెబ్బలు పిల్లలకూ తగులుతున్నాయంటే అది సాహిత్యం విషయం కాదు, పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాల్సిన విషయం. వాలంటీర్లు మొదటి వారమే ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోవాలి.

దీనికంటే తక్కువ తూకం ఉన్నవి నిజంగా తలనొప్పి. "మూడో ఇంటి ఆంటీ నల్లాకు మోటర్ పెట్టి నీళ్లన్నీ గుంజుతది, మాకు బిందె కూడా నిండది." నల్లాకు మోటరు పెట్టకూడదని అందరికీ తెలుసు. పిల్ల రాసింది నిజం. పేరు తీసేసినా మూడో ఇల్లు ఏదో అందరికీ తెలుసు. గోడకెక్కిస్తే గొడవ, ఆపేస్తే ఆ పిల్లకు మళ్లీ రామాపురమే నేర్పినట్టు. నేనైతే ఇంటి నంబరు తీసేయించి మోటరు ఉంచుతాను. అది సరైనదేనా అంటే పూర్తిగా తేల్చుకోలేదు. ఆ ఆంటీ తన కథ చెప్పడానికి వస్తే మాత్రం పక్కనే చోటివ్వాలి, ఆమెకూ ట్యాంకర్ ఖర్చులో, మంచాన పడ్డ అత్తగారో ఉండొచ్చు.

ఏది ఎక్కాలి, ఏది వద్దు అన్నది వాలంటీరు ఒక్కరే తేల్చకూడదు. బస్తీలోని ఇద్దరు పెద్దలు, రాసే పిల్లల్లోంచి ఇద్దరు, వాలంటీరు ఒకరు, మొత్తం ఐదుగురు. ఇద్దరు పెద్దల్లో కనీసం ఒకరు ఆడమనిషి. లేకపోతే కమిటీ కాస్తా నెలకల్లా గణేశ్ మండప కమిటీ అయిపోతుంది.

గోడ ఎవరు చదువుతారు, అందరి చేతిలో ఫోన్లున్నాయి, వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోదా అని అడుగుతారు. పెట్టండి, వద్దనడం లేదు. గుడ్ మార్నింగ్ పూలకూ, వాటర్ సప్లై బంద్ మెసేజీకీ మధ్య ఆ కథ పదినిమిషాలు బతుకుతుంది. అందరూ చూశారో లేదో నీలం టిక్కులు చెబుతాయి గానీ, ఎలా చదివారో చెప్పవు. గోడ దగ్గరైతే రాసిన పిల్ల కిరాణా కొట్టులో చాక్లెట్ కొంటున్నట్టు నటిస్తూ, తన కాగితం ముందు ఆగిన ఆటో అంకుల్ ఏ లైను దగ్గర నవ్వాడో దొంగచూపు చూడగలదు. వచ్చేవారం ఆమె రాసేది ఆ నవ్వును దృష్టిలో పెట్టుకొని రాస్తుంది. జడ్జి కోసం రాయడం పోయి చదివేవాడి కోసం రాయడం మొదలయ్యేది అక్కడే.

ఎన్ని నెలలు

చాలామంది జనవరి ఒకటిన ఉత్సాహంగా మొదలుపెడతారు. ఫిబ్రవరి చివరికి పరీక్షల హడావిడి, ఏప్రిల్ చివరి వారంలో సెలవులు, సగం పిల్లలు మహబూబ్‌నగర్‌కో, మెదక్‌కో, శ్రీకాకుళానికో ఊళ్లకు పోతారు. గోడ ఖాళీ. బడులు జూన్ 12న తెరుచుకుంటాయి కాబట్టి జూన్ చివరి శనివారం మొదలుపెట్టి ఫిబ్రవరిలో ఆపడం మంచిది. బతుకమ్మ, దసరా సెలవుల్లో రెండు మూడు వారాలు పోగా ఆరేడు నెలలు చేతికొస్తాయి. ఒక వాలంటీరు నమ్మకంగా ఇవ్వగలిగేది కూడా అంతే. "ఎప్పటికీ చేస్తాం" అని మొదలైనవాటికంటే "ఫిబ్రవరి దాకా" అని మొదలైనవే ఫిబ్రవరి దాకా నిలుస్తాయి.

చివర్లో చిన్న పుస్తకం వేయొచ్చు, దానికి ప్రెస్సు అక్కర్లేదు. నాలుగు ఏ4 కాగితాలు రెండువైపులా జిరాక్సు తీసి మధ్యకు మడిస్తే పదహారు పేజీలు. పేజీల సంఖ్య నాలుగు చేత భాగించబడాలి, లేకపోతే చివర్లో ఖాళీలు తేలతాయి. బయటి కాగితానికి ఒకవైపు 16, 1 పేజీలు పక్కపక్కన, రెండోవైపు 2, 15. జిరాక్సు షాపులో ఇదే తప్పు జరుగుతుంది: రెండోవైపు తలకిందులుగా పడుతుంది. అందుకే ముందు ఒక్క కాపీ తీయించి, మడిచి, పేజీలు తిప్పి చూశాకే యాభై చెప్పాలి. మామూలు స్టాప్లర్ మడత దాకా అందదు. దాన్ని విప్పి, కాగితాల కింద థర్మోకోల్ ముక్క పెట్టి గుద్ది, వెనక పిన్నులను చెంచాతో వంచాలి. లేదా మూడు రంధ్రాలు పొడిచి దారంతో కుట్టడం, ఆ పని బస్తీలో టైలరమ్మ పావుగంటలో నేర్పుతుంది. రాసినవాళ్లందరికీ ఒక్కో కాపీ, బడికి ఒకటి, దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి ఒకటి, బోర్డుకు చోటిచ్చిన గిర్నీ ఆయనకు రెండు.

కాగితాలు మార్చే రోజు ఒక జాగ్రత్త. కొత్త పది జిరాక్సులు చేతిలో ఉంటేనే పాత పది దించాలి. "రేపు పెడదాం" అని బోర్డును ఖాళీగా వదిలేస్తే, తెల్లారేసరికి అది బాయ్స్ హాస్టల్ వాళ్లది.